పాత పెట్రోల్ కారు పొల్యూషన్ పరీక్షలో నెగ్గడం లేదు: పొగలో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 1.9 శాతం చూపిస్తోంది, లోపం ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: ఉప్పల్ నివాసి

అందరికీ నమస్కారం. 2007లో హైదరాబాద్‌లో రిజిస్టరైన మా 1.1 లీటర్ పెట్రోల్ కారు ఈ జనవరిలో పొల్యూషన్ పరీక్షలో నెగ్గలేదు. ఇది ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ లేకుండా ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే) ఇంజన్‌తో, భారత్ స్టేజ్ 3 పొగ ప్రమాణాలకు తయారైన బండి. దీనికి గ్యాస్ కిట్ ఎప్పుడూ పెట్టించలేదు. పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషన్‌ను మరో ఐదేళ్లకు పొడిగించుకున్నాము కనుక, సరిగ్గా చూసుకుంటూ ఇంకొంత కాలం వాడుకోవాలన్నది మా ఇంటిల్లిపాది కోరిక. ఇంతకుముందు ఆరు నెలలకోసారి సర్టిఫికెట్ తీసుకోవడంలో ఏ ఇబ్బందీ రాలేదు.

పరీక్షకేంద్రంలో ఉన్న అబ్బాయిని అడిగితే యంత్రం తెరమీద కనిపించిన అంకెలన్నీ ఓపికగా రాసి ఇచ్చాడు. ఇంజన్ స్లోలో ఉన్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్ 1.9 శాతం, హైడ్రోకార్బన్లు (హెచ్‌సీ, అంటే కాలని పెట్రోలు) 310 పీపీఎం (పది లక్షల్లో 310 పాళ్లు), కార్బన్ డయాక్సైడ్ 13.3 శాతం, ఆక్సిజన్ 0.4 శాతం, లాంబ్డా (గాలి, పెట్రోలు పాళ్లు సరిగ్గా ఉంటే 1 చూపే అంకె) 0.95 వచ్చాయి. యాక్సిలరేటర్ తొక్కి 2500 ఆర్‌పీఎం దగ్గర ఉంచినప్పుడు సీఓ 1.2 శాతానికి తగ్గింది. మరో కేంద్రంలో చూపించినా దాదాపు ఇవే అంకెలు వచ్చాయి కాబట్టి యంత్రం తప్పు అనుకోవడానికి లేదు.

ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు కొత్తవి వేయించాము, థ్రాటిల్ బాడీ శుభ్రం చేయించాము. అంకెలు కదలలేదు. మైలేజీ లీటరుకు 15 కిలోమీటర్ల నుంచి 11 దాకా పడిపోయింది. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు పొగగొట్టం దగ్గర పెట్రోలు వాసన వస్తోంది కానీ నల్లపొగ లేదు, డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం కూడా వెలగడం లేదు. బండి రోజూ తిరిగేది పిల్లలను బడికి దింపి తీసుకురావడానికే, ఒక వైపు మూడు కిలోమీటర్లు.

షెడ్డులో మాత్రం క్యాటలిటిక్ కన్వర్టర్ పోయిందని, మార్చక తప్పదని అంటున్నారు. దాని ధర బండి విలువలో గణనీయమైన భాగం. అది నిజంగా పోయిందో లేదో తెలుసుకునే మార్గం ఏదైనా ఉందా? కొందరు బండి చూపించకుండానే సర్టిఫికెట్ ఇప్పిస్తామని అంటున్నారు. అది నాకు అక్కర్లేదు. పిల్లలు రోజూ ఎక్కే బండి కనుక, దాని పొగ నిజంగా తగ్గాలన్నదే నా ఉద్దేశం.


సమాధానం: గుంటూరు షెడ్డు

ఉప్పల్ నివాసి గారికి నమస్కారం. మీరు సీఓ అంకె ఒక్కటే కాకుండా మిగతావి కూడా రాయించుకోవడం చాలా మంచి పని అయింది, ఎందుకంటే జబ్బు ఏ వైపు ఉందో ఆ నాలుగైదు అంకెలే చెబుతాయి.

ముందుగా హద్దులు చూద్దాం. భారత్ స్టేజ్ 2, 3 పెట్రోల్ కార్లకు స్లోలో సీఓ 0.5 శాతం, హెచ్‌సీ 750 పీపీఎం మించకూడదు. అంతకంటే పాత కార్లకు ఇవి 3 శాతం, 1500 పీపీఎం. భారత్ స్టేజ్ 4 నుంచి 0.3 శాతం, 200 పీపీఎంగా బిగించి, 2500 ఆర్‌పీఎం దగ్గర లాంబ్డా పరీక్ష కూడా చేర్చారు. అంటే మీ బండి హెచ్‌సీ విషయంలో హద్దు లోపలే ఉంది, తప్పింది సీఓ విషయంలో మాత్రమే. ఈ తేడా ముఖ్యమైనది. ప్లగ్గు సరిగ్గా కొట్టకపోయినా, ప్లగ్గు వైరు తెగినా, ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోలు కాలకుండా బయటికి పోతుంది. అప్పుడు హెచ్‌సీ ఎగబాకుతుంది, వాడకుండా మిగిలిన ఆక్సిజన్ కూడా పెరుగుతుంది, సీఓ మాత్రం పెద్దగా పెరగదు. మీ దగ్గర దానికి పూర్తి విరుద్ధంగా ఉంది. సీఓ ఎక్కువగా, ఆక్సిజన్ తక్కువగా, లాంబ్డా 1కి దిగువన ఉన్నాయంటే, లోపలికి వెళ్లిన గాలికి సరిపడే దానికంటే సుమారు ఐదు శాతం ఎక్కువ పెట్రోలు వెళుతోందని అర్థం. మా భాషలో దీన్ని రిచ్ మిక్స్చర్ అంటాము. మైలేజీ పడిపోవడం, పొద్దున పెట్రోలు వాసన రావడం కూడా దీనికే సాక్ష్యం చెబుతున్నాయి.

ఇప్పుడు కన్వర్టర్ సంగతి. దాని పని సీఓను ఆక్సిజన్‌తో కలిపి కార్బన్ డయాక్సైడ్‌గా మార్చడం. ఆ పనికి పొగలో కొంత ఆక్సిజన్ మిగిలి ఉండాలి, లాంబ్డా 1కి అతి దగ్గరగా ఊగుతూ ఉండాలి. లాంబ్డా 0.95 దగ్గరే నిలిచిపోతే కొత్త కన్వర్టర్ పెట్టినా అది సీఓను పెద్దగా తగ్గించలేదు. పైగా కాలని పెట్రోలు అందులోకి చేరి కాలుతూ పోతే ఆ కొత్తది కూడా లోపల కరిగి పాడవుతుంది. అందువల్ల మిక్స్చర్ సరిదిద్దకముందే కన్వర్టర్ బాగుందా, పోయిందా అని తీర్పు చెప్పడం సాధ్యం కాదు. ఎవరైనా దాన్ని కోసి లోపలి జల్లెడను తీసేసి ఉత్త గొట్టం పెడతామంటే మాత్రం అస్సలు ఒప్పుకోవద్దు. ఆ జల్లెడలో ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి ఖరీదైన లోహాలు ఉంటాయి. దాన్ని తీసేశాక బండి పరీక్షలో నెగ్గడం కష్టమవుతుంది, మీ వస్తువు మాత్రం వేరొకరి చేతికి పోతుంది.

ఎయిర్ ఫిల్టర్ మార్చినా అంకెలు ఎందుకు కదలలేదని మీరు ఆశ్చర్యపోయి ఉంటారు. కార్బురేటర్ ఉన్న పాత మారుతి 800 వంటి బండ్లలో ఫిల్టర్ మూసుకుపోతే గాలి తగ్గి పెట్రోలు పాలు పెరిగేది. ఆ అనుభవంతోనే ఈనాటికీ మొట్టమొదట ఫిల్టర్ మీద చేయి వేస్తారు. ఎంపీఎఫ్ఐలో ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) లోపలికి వెళ్లే గాలిని లెక్కగట్టి దానికి తగినంతే పెట్రోలు చిమ్ముతుంది కాబట్టి, మురికి ఫిల్టర్ వల్ల బండి లాగుడు తగ్గుతుందే తప్ప స్లోలో మిక్స్చర్ ఇంతగా చెడిపోదు.

ఎక్కువ పెట్రోలు రెండు విధాలుగా వస్తుంది. ఒకటి, ఈసీయూయే ఏదో సెన్సర్ మాట నమ్మి ఎక్కువ చిమ్మడం. రెండు, ఈసీయూకు తెలియకుండా వేరే దారిలో పెట్రోలు గానీ దాని ఆవిరి గానీ లోపలికి చేరడం. వీటిని విడదీయడానికి నాకు కొన్ని వివరాలు కావాలి. బండి అరగంట నడిచాక టెంపరేచర్ ముల్లు ఎక్కడ నిలుస్తోంది, మునుపు ఎక్కడ నిలిచేది? థర్మోస్టాట్ ఉందా, ఎవరైనా తీసేశారా? ఇంజన్ ఆయిల్ ఎప్పుడు మార్చారు, డిప్‌స్టిక్ మీద మట్టం ఎంత ఉంది, దానికి పెట్రోలు వాసన వస్తోందా? పొగలోని ఆక్సిజన్‌ను కొలిచి ఈసీయూకు చెప్పే ఆక్సిజన్ సెన్సర్‌కు ముందున్న భాగంలో సైలెన్సర్ ఎక్కడైనా లీకవుతోందా? ఈ చివరి ప్రశ్న ఎందుకంటే, అక్కడ సన్నని చీలిక ఉన్నా బయటి గాలి లోపలికి పీల్చుకుని, ఆక్సిజన్ ఎక్కువగా ఉందని సెన్సర్ భ్రమపడుతుంది. అప్పుడు ఈసీయూ పెట్రోలు పెంచుకుంటూ పోతుంది.


సమాధానం: నెల్లూరు ప్రయాణికుడు

నా అభిప్రాయం వేరుగా ఉంది. ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2007 నాటి కార్లు దాని కోసం తయారు చేసినవి కావు. మా బంధువుల పాత కారుకు కూడా మైలేజీ తగ్గింది. ఇంత హఠాత్తుగా సీఓ పెరగడానికి ఇంధనం మారడమే కారణం కావచ్చు కదా? సెన్సర్ల మీద డబ్బు పెట్టే ముందు ఇథనాల్ లేని ప్రీమియం పెట్రోలు దొరికితే ఒక ట్యాంకు వాడి చూడండి.


సమాధానం: వరంగల్ బోధకుడు

నెల్లూరు ప్రయాణికుడు గారి అనుమానం సహజమైనదే, ఈ మధ్య ప్రతి షెడ్డులోనూ ఈ చర్చ జరుగుతోంది. అయితే ఈ బండి చూపిస్తున్న అంకెలకు మాత్రం ఇథనాల్ కారణం కాలేదు. నేను పాలిటెక్నిక్ విద్యార్థులకు ఇంజన్ల పాఠం చెబుతాను కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఇథనాల్ బరువులో సుమారు 35 శాతం ఆక్సిజనే. అందువల్ల అది కలిసిన పెట్రోలు పూర్తిగా కాలడానికి బయటినుంచి తక్కువ గాలి చాలు. శుద్ధ పెట్రోలు ఒక కిలో కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇరవై శాతం ఇథనాల్ కలిసినప్పుడు అది 13.5 దగ్గరికి దిగుతుంది. పాత లెక్క ప్రకారమే చిమ్ముతున్న ఇంజన్‌లో ఈ ఇంధనం పోస్తే మిక్స్చర్ లీన్ (పెట్రోలు తక్కువ) వైపు జరుగుతుంది, అంటే సీఓ తగ్గుతుంది. ఆక్సిజన్ సెన్సర్ సరిగ్గా పనిచేస్తుంటే ఈసీయూ ఆ తేడాను గమనించి పెట్రోలు కాస్త పెంచి లాంబ్డాను మళ్లీ 1కి తెస్తుంది. ఎటు చూసినా ఇది 0.95 దగ్గర నిలిచిపోవడానికి దారి తీయదు. ఇథనాల్‌లో శక్తి తక్కువ కనుక మైలేజీ కొంత తగ్గడం నిజమే, కానీ 15 నుంచి 11కి పడిపోవడానికి అదొక్కటే సరిపోదు.

పాత బండిలో ఇథనాల్ గురించి శ్రద్ధ పెట్టవలసింది మరోచోట. ఇంధనం వెళ్లే రబ్బరు గొట్టాలు, సీళ్లు దానికి తట్టుకునే రకం కాకపోతే ఉబ్బి, పగిలి, కారతాయి. ఇది అగ్నిప్రమాదానికి సంబంధించిన విషయం. ఉప్పల్ నివాసి గారు బండిని పైకెత్తించినప్పుడు ఆ గొట్టాలను కూడా ఒకసారి చూపించుకోవడం మంచిది.


ఉప్పల్ నివాసి

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. గుంటూరు షెడ్డు గారు అడిగిన వివరాలు ఇవి.

టెంపరేచర్ ముల్లు ఇదివరకు సగానికి కాస్త కింద నిలిచేది. ఇప్పుడు ఎంతసేపు నడిపినా పావు వంతు దాటడం లేదు, బైపాస్ రోడ్డు మీద వెళ్లేటప్పుడు ఇంకా కిందికి దిగుతోంది. ఇది మంచి లక్షణమనే అనుకుంటూ వచ్చాము. గత వేసవిలో ట్రాఫిక్‌లో బండి వేడెక్కితే, థర్మోస్టాట్ వాల్వ్‌తో మన ఊళ్ల ఎండకు పని లేదని చెప్పి మెకానిక్ దాన్ని తీసేశారు. రేడియేటర్ ఫ్యానును కూడా ఇగ్నిషన్ వేయగానే తిరిగేలా నేరుగా వైరు కలిపారు. ఆ తర్వాత వేడెక్కలేదు.

ఇంజన్ ఆయిల్ మార్చి ఏడాది కావస్తోంది. తిరిగిన దూరం తక్కువ కదా అని మార్పించలేదు. డిప్‌స్టిక్ చూస్తే మట్టం పై గీతకంటే ఎక్కువగా ఉంది, వాసన చూస్తే పెట్రోలు స్పష్టంగా తెలుస్తోంది. నేను ఆయిల్ పోయలేదు. సైలెన్సర్‌ను షెడ్డులో పైకెత్తి చూశారు, ఎక్కడా లీకు కనబడలేదు, ఇంధనం గొట్టాలు కూడా బాగానే ఉన్నాయి.


సమాధానం: గుంటూరు షెడ్డు

మీరు రాసిన దానితో విషయం చాలావరకు తేలిపోయింది. ముల్లు కిందికి ఉండటం ఇంజన్ ఆరోగ్యానికి గుర్తు కాదు. ఇంజన్ తనకు కావలసిన వేడికి చేరడం లేదన్నదే దాని అర్థం.

థర్మోస్టాట్ గురించి మన దగ్గర బలంగా పాతుకుపోయిన అపోహ ఒకటి ఉంది. ఇది చలిదేశాల కోసం పెట్టిన పరికరమని, మనకు అడ్డమని చాలామంది మెకానిక్‌లు నిజంగానే నమ్ముతారు. కూలెంట్ దాదాపు 82 డిగ్రీలకు వచ్చేదాకా దాన్ని రేడియేటర్‌కు పోనీయకుండా ఇంజన్ లోపలే తిప్పడం థర్మోస్టాట్ పని. దాన్ని తీసేస్తే చల్లని కూలెంట్ మొదటి నిమిషం నుంచే అంతటా తిరుగుతుంది. దానికి తోడు మీ ఫ్యాను ఆగకుండా తిరుగుతోంది. మీరు వెళ్లేది మూడు కిలోమీటర్లు. అందులోనూ జనవరి ఉదయం. ఇంజన్ ఎప్పుడూ గోరువెచ్చగానే ఉండి ఆగిపోతోంది.

ఆ గోరువెచ్చదనాన్ని కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ ఉన్నదున్నట్టు ఈసీయూకు చెబుతుంది. ఇంజన్ ఇంకా వేడెక్కలేదు కాబట్టి ఈసీయూ, కార్బురేటర్ బండిలో చోక్ లాగినప్పుడు జరిగినట్టే, కొంత అదనపు పెట్రోలు ఇస్తూ ఉంటుంది. ఆ కాలపు చాలా కార్లలో ఇంజన్ తగినంత వేడెక్కేదాకా ఈసీయూ ఆక్సిజన్ సెన్సర్ మాటను పూర్తిగా లెక్కలోకి తీసుకోదు. సెన్సర్ కొన కూడా సుమారు 300 డిగ్రీలకు వేడెక్కితే గానీ సరిగ్గా పనిచేయదు. ఇక్కడ ఏ సెన్సర్ అబద్ధం చెప్పడం లేదు కనుకనే హెచ్చరిక దీపం వెలగలేదు.

ఇక ఆయిల్. చల్లని సిలిండర్ గోడలకు అంటిన పెట్రోలు కాలకుండా పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. ఇంజన్ బాగా వేడెక్కి దూరం నడిస్తే అది ఆవిరై పోతుంది. మీ బండికి ఆ అవకాశం లేదు కాబట్టి పేరుకుపోయి, పోయకుండానే మట్టం పెరిగింది. ఆ ఆవిరి పీసీవీ గొట్టం (ఇంజన్ అడుగున చేరిన ఆవిరిని మళ్లీ గాలి దారిలోకి పంపే గొట్టం) ద్వారా మళ్లీ ఇంజన్‌లోకే చేరి మిక్స్చర్‌ను ఇంకా రిచ్ చేస్తుంది. ఈసీయూకు తెలియకుండా వచ్చే పెట్రోలు అని నేను ముందు రాసింది ఇదే. దీనివల్ల మరో ప్రమాదం కూడా ఉంది. పెట్రోలుతో పలచబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు. పరీక్ష సంగతి పక్కన పెట్టినా ఈ ఆయిల్‌తో బండి నడపవద్దని నా మనవి.

చేయవలసిన క్రమం ఇలా ఉంటే బాగుంటుంది. ముందు ఇంజన్‌కు నిర్దేశించిన ఉష్ణోగ్రత గల థర్మోస్టాట్‌ను కొత్త గ్యాస్కెట్‌తో బిగించమనండి. బిగించే ముందు దాన్ని గిన్నెలో నీళ్లలో వేసి థర్మామీటర్ పెట్టి మరిగిస్తే, 82 డిగ్రీల చుట్టుపక్కల తెరుచుకోవడం మొదలుపెట్టిందో లేదో కళ్లతో చూడవచ్చు. ఫ్యాను వైరును యథాస్థానానికి మార్చి, రిలే ద్వారా ఈసీయూ చెప్పినప్పుడే తిరిగేలా చేయించండి. ఉత్త నీళ్లు పోయకుండా కూలెంట్ నింపించి గాలిబుడగలు తీయించండి. కూలెంట్ సెన్సర్‌ను అనవసరంగా మార్చనివ్వవద్దు. దాని రెసిస్టెన్స్ మల్టీమీటర్‌తో చూస్తే చాలు. 20 డిగ్రీల దగ్గర సుమారు రెండున్నర కిలో ఓములు, 80 డిగ్రీల దగ్గర సుమారు 300 ఓములు ఉంటే సాధారణంగా అది బాగున్నట్టే.

ఆయిల్ మార్చే ముందు ఒక చిన్న పరీక్ష చేయించమని ప్రత్యేకంగా కోరుతున్నాను. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, పొగను కొలిచే గ్యాస్ యంత్రం గొట్టం సైలెన్సర్‌లో ఉంచి, వాల్వ్ కవర్ వైపు నుంచి పీసీవీ గొట్టం ఊడదీసి, గాలి పీల్చకుండా దాని కొనను మూయాలి. సీఓ వెంటనే పడిపోతే తప్పు ఆయిల్‌లోని పెట్రోలుది. పడకపోతే ట్యాంకు ఆవిరిని ఇంజన్‌కు చేర్చే క్యానిస్టర్ గొట్టాన్ని కూడా అలాగే నొక్కి చూడాలి. అప్పుడు పడిపోతే ఆ గొట్టం మీది పర్జ్ వాల్వ్ మూసుకోవడం లేదన్నమాట. రెండింటితోనూ మారకపోతేనే ఇంధనం ప్రెషరు, ఇంజెక్టర్ల కారడం, ఆక్సిజన్ సెన్సర్ వైపు వెళ్లాలి. రూపాయి ఖర్చు లేని ఈ పరీక్షలు చేయకుండానే సెన్సర్ల మీద సెన్సర్లు మార్చిన బండ్లు మా షెడ్డుకు వస్తూనే ఉంటాయి, చూసినప్పుడల్లా బాధ కలుగుతుంది.


సమాధానం: వరంగల్ బోధకుడు

ఆక్సిజన్ సెన్సర్ వరకు వెళ్లవలసి వస్తే దాన్ని కూడా మల్టీమీటర్‌తోనే పరీక్షించవచ్చు. మీది ఓబీడీ (బండి తన లోపాలను తానే నమోదు చేసుకునే వ్యవస్థ) తప్పనిసరి కాకముందు వచ్చిన బండి కనుక మార్కెట్లో దొరికే చవక స్కానర్లు దీనితో మాట్లాడకపోవచ్చు. ఇంజన్ వేడెక్కాక 2000 ఆర్‌పీఎం పైన ఉంచి సెన్సర్ సిగ్నల్ వైరుకు డిజిటల్ మీటరు ముందుకొన తాకిస్తే, వోల్టేజీ 0.1, 0.9 మధ్య చకచకా ఊగుతూ ఉండాలి. ఎప్పుడూ 0.8 పైనే ఉంటే సెన్సర్ బాగుంది, మిక్స్చరే రిచ్‌గా ఉంది. ఎప్పుడూ 0.2 కింద ఉండి పొగలో సీఓ మాత్రం ఎక్కువగా ఉంటే సెన్సర్ గానీ దాని వైరింగు గానీ చెడిందని, లేదా మనకు కనబడని లీకు ఉందని అనుమానించాలి. పాత అనలాగ్ మీటరు మాత్రం వాడవద్దు, అది ఆ సన్నని సిగ్నల్‌ను తానే లాగేసి తప్పు అంకె చూపిస్తుంది.


సమాధానం: పరీక్షకేంద్రం నిర్వాహకుడు

నేను విజయవాడ దగ్గర పెట్రోలు బంకులో పొల్యూషన్ చెకింగ్ కేంద్రం నడుపుతున్నాను. పైన పెద్దలు చెప్పిన దానికి పరీక్ష వైపు నుంచి కొన్ని మాటలు చేర్చాలనిపించింది.

మా దగ్గరికి వచ్చే చాలా బండ్లు పక్క వీధి నుంచే వస్తాయి. ఇంజన్, కన్వర్టర్ వేడెక్కకముందే గొట్టం పెట్టమంటారు. కన్వర్టర్ సుమారు 250 డిగ్రీలు దాటితే గానీ పని మొదలుపెట్టదు. అందుకే బండిని కనీసం ఇరవై నిమిషాలు ఆపకుండా నడిపి, వచ్చాక ఇంజన్ ఆపకుండానే పరీక్ష చేయించుకోవాలి. వరుసలో చాలాసేపు స్లోలో నిలబడవలసి వస్తే పరీక్షకు ముందు ఒకటి రెండు నిమిషాలు 2500 ఆర్‌పీఎం దగ్గర ఉంచమని అడగండి. ఏసీ, లైట్లు ఆపి ఉంచాలి.

గొట్టం సైలెన్సర్ లోపలికి కనీసం 300 మిల్లీమీటర్లు వెళ్లాలన్నది నియమం. పైపైన పెడితే బయటి గాలి కలిసి సీఓ తక్కువగా, ఆక్సిజన్ ఎక్కువగా కనిపిస్తుంది. అలా వచ్చిన తక్కువ అంకె బండి యజమానికి సంతోషం కలిగించవచ్చు, కానీ బండి పరిస్థితి మారదు. మీ అంకెల్లో ఆక్సిజన్ 0.4 శాతమే ఉంది కాబట్టి ఆ అబ్బాయి గొట్టం సరిగ్గానే పెట్టాడు.

పరీక్ష లేకుండా సర్టిఫికెట్ వద్దని మీరు రాసింది చదివి మనసుకు తృప్తి కలిగింది. సీఓకు రంగు లేదు, వాసన లేదు. 1.9 శాతం అంటే 19,000 పీపీఎం. తలుపులు మూసిన షెడ్డులో ఇలాంటి బండిని స్టార్ట్ చేసి ఉంచితే ప్రాణాలకే ముప్పు. మరమ్మతు పూర్తయ్యేదాకా దయచేసి బండిని బయటికి తీసుకొచ్చాకే స్టార్ట్ చేయండి.


ఉప్పల్ నివాసి

థర్మోస్టాట్ బిగించి, ఫ్యాను వైరింగు మార్చి, కూలెంట్ నింపాక ముల్లు మళ్లీ పాత చోటికి వచ్చి నిలిచింది. గుంటూరు షెడ్డు గారు చెప్పినట్టు ఆయిల్ మార్చకముందే గ్యాస్ యంత్రం పెట్టించాము. స్లోలో సీఓ 0.8 శాతానికి దిగింది, లాంబ్డా 0.98 చూపించింది. పీసీవీ గొట్టం ఊడదీసి మూయగానే సీఓ 0.4కి పడింది, తిరిగి తగిలించగానే మళ్లీ పెరిగింది. మెకానిక్ కూడా దీన్ని ఆసక్తిగా గమనించి, క్యానిస్టర్ గొట్టం తనంతట తానే నొక్కి చూశారు. దానివల్ల తేడా ఏమీ రాలేదు.

ఆయిల్, ఫిల్టర్ మార్చి, బండిని యాదగిరిగుట్ట దాకా నడిపి తిరిగి వచ్చాక పరీక్ష చేయిస్తే సీఓ 0.28 శాతం, హెచ్‌సీ 90 పీపీఎం, లాంబ్డా 1.00 వచ్చాయి. సర్టిఫికెట్ ఇచ్చారు. కన్వర్టర్‌ను ముట్టుకోలేదు.

ఇప్పుడు నా అనుమానం వేరే. థర్మోస్టాట్ తీసేయడానికి కారణం బండి వేడెక్కడమే కదా. ఆ కారణం ఇంకా లోపల ఉండి ఉంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో మళ్లీ బయటపడుతుందా?


సమాధానం: గుంటూరు షెడ్డు

మీ అనుమానం సరైనది. అంకెలు కన్వర్టర్ పనిచేస్తోందనే చెబుతున్నాయి, ఆ విషయంలో నిశ్చింతగా ఉండండి. వేడెక్కడం గురించి మాత్రం ఎండలు ముదరకముందే చూసుకోవాలి. మీ మెకానిక్ థర్మోస్టాట్ తీసినప్పుడు బహుశా అదే మూసుకుని ఇరుక్కుపోయి ఉండవచ్చు. అలా అయితే కొత్తది వేయడంతోనే సమస్య తీరినట్టు. కానీ ఆయన ఫ్యానుకు కూడా నేరుగా వైరు కలిపారు కనుక, ఫ్యాను సమయానికి తిరగకపోవడం అసలు కారణమై ఉండే అవకాశం ఎక్కువ. ఏసీ ఆపి, బండిని నిలబెట్టి స్లోలో ఉంచి చూడండి. ముల్లు మామూలు చోటు దాటి పైకి వెళ్లబోయేలోగా ఫ్యాను తనంతట తాను తిరిగి, కాసేపటికి తనంతట తాను ఆగాలి. తిరగకపోతే రిలే, ఫ్యూజు, మోటారు బ్రష్‌లు ఈ వరుసలో చూపించండి.

ఏళ్ల తరబడి ఉత్త నీళ్లతో నడిచిన బండి అయితే రేడియేటర్ గొట్టాల్లో తుప్పు, సున్నం పేరుకుని ఉంటాయి. రేడియేటర్ ముందు భాగాన్ని చేత్తో తడిమితే, పూడుకుపోయిన చోట చల్లగా తగులుతుంది. ఈ పని ఇంజన్ ఆపి, ఫ్యాను కనెక్టర్ పీకేశాకే చేయాలి, లేదంటే ఫ్యాను హఠాత్తుగా తిరిగి వేళ్లకు తగులుతుంది. రేడియేటర్ మూత రబ్బరు గట్టిపడి ప్రెషరు నిలబెట్టలేకపోయినా కూలెంట్ ముందే మరుగుతుంది, మూత మార్చడం చవకైన పని.

చివరిగా హెడ్ గ్యాస్కెట్. దీన్ని కూడా అదే గ్యాస్ యంత్రంతో కనిపెట్టవచ్చు. ఇంజన్ పూర్తిగా చల్లారిన తర్వాత రేడియేటర్ మూత తీసి, మట్టం కాస్త తగ్గించి, అప్పుడు స్టార్ట్ చేసి, యంత్రం గొట్టాన్ని కూలెంట్‌లో మునగకుండా దాని పైన గాలిలో పట్టుకోవాలి. హెచ్‌సీ అంకె లేస్తే సిలిండర్‌లోని వాయువు కూలెంట్‌లోకి చొరబడుతోందని అర్థం, అప్పుడు హెడ్ దించక తప్పదు. లేవకపోతే గ్యాస్కెట్ లీకు ఉండే అవకాశం తక్కువ. వేడిగా ఉన్నప్పుడు మాత్రం ఏ కారణంతోనూ ఆ మూత తీయవద్దు.

ఇకమీదట ఆయిల్‌ను కిలోమీటర్లతో నిమిత్తం లేకుండా ఆరు నెలలకోసారి మార్చండి. బడికి తిరిగే దూరం పెరగదు కనుక, వారానికి ఒకసారైనా ముప్ఫై నలభై కిలోమీటర్లు ఆపకుండా నడపండి. డిప్‌స్టిక్ మీద మట్టం మళ్లీ పెరుగుతున్నట్టు కనిపిస్తే, పరీక్ష తేదీ దాకా ఆగకుండా వెంటనే ఇక్కడ రాయండి, ఇంజెక్టర్ల దగ్గర నుంచి మొదలుపెడదాం.